పోతుటీగ పేరు పెట్టుకున్న బొమ్మ

మినుము పీకేశాక మా తెనాలి చుట్టుపక్కల చేలు కొన్నాళ్ళు ఖాళీగా పడుంటాయి. నేను నా డబ్బా పట్టుకుని అటు పోయేది అప్పుడే. 2025 మార్చిలో ఒక పొద్దున నాలుగు మోటార్ల బొమ్మను గట్టు మీద పెట్టి బ్యాటరీ తగిలిస్తుండగానే, ఇంకా అది పైకి లేవకముందే, నలుగురు చేరారు. మినప పొట్టు ఎత్తుకోవడానికి వచ్చిన ఒకావిడ, "సర్వే వాళ్ళా అయ్యా? మా గట్టు మళ్ళీ కొలుస్తారా?" అంది. గొంతులో కొంచెం బెదురు. ఆమె వెనకాల నిలబడ్డ కౌలు రైతు, "కాదులే, అది మందు కొట్టేది. ఎకరానికి ఎంత తీసుకుంటారు మాస్టారూ?" అన్నాడు. సైకిల్ దిగి వచ్చిన కుర్రాడు వంగి కిందికి చూసి, "కెమెరా ఏదీ? పెళ్ళి డ్రోనుకి కింద కెమెరా ఉంటది" అని తప్పు పట్టాడు. నాలుగో మనిషి ఏమీ అనలేదు. ఫోన్ తీసి నన్నూ దాన్నీ కలిపి ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

"బొమ్మమ్మా, సరదాకి ఎగరేసుకుంటాను" అన్నాను. ఎవరూ నమ్మలేదు. అరవై అయిదు దాటిన మనిషి పొద్దున్నే చేలో బొమ్మతో ఆడుకుంటున్నాడనే కన్నా గవర్నమెంటు తరఫున ఏదో కొలవడానికి వచ్చాడనుకోవడమే వాళ్ళకు తేలిక.

వాళ్ళ ముగ్గురి మాటల్లో అబద్ధమేమీ లేదు. ఎవరు దాన్ని మొదట ఏ పని మీద చూశారో ఆ పని పేరుతోనే పిలిచారు. అసలు దీన్ని ఏమనాలన్న తగువు మా ఏరోమోడలింగ్ వాళ్ళలో పన్నెండేళ్ళుగా తెగలేదు. గుంటూరు, తెనాలి, చీరాలలో కలిపి మేం ఆరుగురం. ఒకాయన "క్వాడ్‌కాప్టర్" అనమంటాడు. ఇంకొకాయన మోటార్లు ఆరో ఎనిమిదో ఉంటే క్వాడ్ ఎలా అవుతుందని "మల్టీరోటర్" అంటాడు. మాలో వయసులో చిన్నవాడు "యూఏవీ" అంటాడు, అతనికి ఆ మాటలో హోదా కనపడుతుంది. "డ్రోన్" అనే మాట మాత్రం చాలాకాలం మాలో ఎవరూ నోట రానిచ్చేవాళ్ళం కాదు. అది మిలిటరీ మాట, బాంబులేసే మాట, మనది ఆ కులం కాదు అనేవాళ్ళం. నేనే గట్టిగా అనేవాణ్ణి. అన్నది తప్పని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకీ పిచ్చి ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో అంటుకుంది. 1978లో హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు మా ఇన్‌స్ట్రక్టరు ఒక మైదానంలో కంట్రోల్ లైన్ విమానం ఎగరేసి చూపించాడు. బాల్సా చెక్కతో రెక్క, దానిమీద టిష్యూ కాగితం, కాగితం బిగిసేలా డోప్ పూత. రెక్క కొసనుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు మన చేతిలోని పిడికి వస్తాయి. విమానం మన చుట్టూ గిర్రున తిరుగుతుంటే మనమూ దాంతోపాటు తిరగాలి. కళ్ళు తిరిగి కూలబడ్డామా, విమానమూ కూలినట్టే. బొటనవేలంత డీజిల్ ఇంజను. దానికి పోసేది ఈథరూ, కిరోసినూ, ఆముదమూ, ఇంచుమించు సమపాళ్ళలో. కాలిన ఆముదం వాసన చొక్కాకి పడితే రెండు ఉతుకులకు కూడా వదిలేది కాదు. హాస్టల్లో నా పక్క మంచం వాడు ముక్కు మూసుకుని, "మీ అమ్మమ్మ గానీ వచ్చిందా?" అని అడిగేవాడు.

అప్పుడు పేరు గొడవే లేదు. ఇన్‌స్ట్రక్టరు "మోడల్" అనేవాడు. సెలవులకు ఇంటికి పట్టుకొస్తే మా నాన్న "బొమ్మ విమానం" అన్నాడు. ఊళ్ళో పిల్లలు వెంటపడ్డారు, పెద్దవాళ్ళు అరుగుల మీంచి లేచి వచ్చి చూశారు. ఇది ఎవరిది, ఎందుకు, ఎవరి పర్మిషన్ అని అడిగిన మనిషి లేడు.

డ్రోన్ అనే మాట నేను మొదట విన్నది విమానాల దగ్గర కాదు, హైస్కూల్లో తేనెపట్టు పాఠంలో. రాణి ఈగ, కూలి ఈగలు, పోతుటీగలు. ఈ పోతుటీగ ఇంగ్లీషు పేరే డ్రోన్ అని మాస్టారు బోర్డు మీద రాశారు. దానికి కొండి ఉండదు. తేనె తేదు, పట్టు కట్టదు, కాపలా కాయదు. రాణితో జతకట్టిందా, అక్కడికక్కడే చస్తుంది. జతకట్టనివాటిని తిండికి కరువొచ్చిన రోజుల్లో కూలి ఈగలే పట్టులోంచి బయటికి గెంటేస్తాయి. ఇంగ్లీషులో ఆ మాటకు పనిచెయ్యనివాడు అనీ, ఆగకుండా జుమ్మనే రొద అనీ కూడా అర్థాలున్నాయి. మన సోమరిపోతులోనూ ఒక పోతు ఉండనే ఉంది కదా.

కొండి లేని ఈగ పేరు బాంబులు మోసే యంత్రానికి ఎలా వచ్చిందన్న కథ బ్రిటిష్ నౌకాదళంతో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళకొక అనుమానం పట్టుకుంది: విమానాలు మీదికొస్తే ఓడ మీది ఫిరంగులు వాటిని కూల్చగలవా? గాలిలో లాక్కెళ్ళే గుడ్డ మీద కాల్చి సాధన చేస్తే తేలేది కాదు. అందుకని మనిషి లేకుండా రేడియోతో నడిచే విమానం ఒకటి తయారుచేసి దాని మీద కాల్చారు. దాని పేరు ఫెయిరీ క్వీన్. 1933లో మధ్యధరా సముద్రంలో దాని మీద రెండు గంటలు గుళ్ళు కురిపించినా అది పడలేదు. ఫిరంగి వాళ్ళ మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. తర్వాత 1935లో డి హావిలాండ్ కంపెనీ టైగర్ మాత్ శిక్షణ విమానం రెక్కలు తీసుకుని, చెక్క బాడీకి బిగించి, చౌకగా ఒకటి తయారుచేసింది. ఎటూ కాల్చి పారేసేదే కాబట్టి చెక్క చాలనుకున్నారు. దీన్ని నడిపే పెట్టె మీద పాతకాలపు టెలిఫోనుకు ఉండేలాంటి తిరగలి డయలు ఉండేది. ఒక అంకె తిప్పితే ఎడమకు, ఇంకో అంకె తిప్పితే కుడికి. ఇలాంటివి సుమారు 400 చేశారు. దాని పేరు క్వీన్ బీ, అంటే రాణి ఈగ.

ఆ ఏడాదే అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ విలియం స్టాండ్లీ బ్రిటన్‌లో దీన్ని చూశాడు. ఇంటికి పోయి మనకూ ఇలాంటిది కావాలన్నాడు. ఆ పని డెల్మర్ ఫార్నీ అనే అధికారి మీద పడింది. బ్రిటన్ వాళ్ళది రాణి ఈగ అయితే మనది పోతుటీగ అనుకున్నారు కాబోలు, 1936 నాటికి ఫార్నీ రాతల్లో డ్రోన్ అన్న పేరు వచ్చేసింది. బ్రిటన్ వాళ్ళ పేరుకు గౌరవంగా పెట్టిందే అని చరిత్రకారులు చెబుతారు. నాకైతే ఆ పేరు ఇంకో రకంగా కూడా కుదిరిందనిపిస్తుంది. కొండి లేదు, ఎవరినీ కుట్టదు, పైకి లేచి ఎదుటివాడి గుండు తిని చావడమే దాని పని. డ్రోన్ అంటే మొదట చంపేది కాదు, చచ్చేది.

మన దేశంలోనూ దాదాపు ఇదే జరిగింది. బెంగళూరులోని రక్షణ పరిశోధన సంస్థ ఏడీఈ మన సైన్యానికి తయారుచేసి ఇచ్చిన పైలట్ లేని విమానం పేరే "లక్ష్య". గురి పెట్టి కాల్చుకోవడానికని పుట్టింది. నేను పుట్టిపెరిగిన బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళం కేంద్రం ఉంది. 2023 డిసెంబరులో అక్కడ జరిగిన అస్త్రశక్తి విన్యాసాల్లో ఒకే ఆకాశ్ క్షిపణి యూనిట్ ఒకేసారి నాలుగు పైలట్ లేని లక్ష్యాలను కూల్చిందని పేపర్లో చదివి నేను మొదట అయ్యో అనుకున్నది ఆ కూలిపోయిన నాలుగింటి గురించే. వాటి లోపల కూడా సర్వోలు, తీగలు, ఎవడో సోల్డరింగ్ చేసిన అతుకులు ఉంటాయి.

ఇక్కడిదాకా వింటే మా గుంపు వాదనే నెగ్గినట్టుంటుంది. పేరు పెట్టింది మిలిటరీ, వాడింది మిలిటరీ, మనకేం సంబంధం? కానీ ఆ 1930ల్లోనే హాలీవుడ్‌లో ఇంకో కథ నడుస్తోంది. రెజినాల్డ్ డెన్నీ అని ఒక ఇంగ్లీషు నటుడు. హిచ్‌కాక్ తీసిన "రెబెకా" చూసినవాళ్ళకు ఎస్టేట్ మేనేజరు వేషంలో గుర్తుంటాడు. మొదటి యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసినవాడు. బొమ్మ విమానాల పిచ్చి ఎక్కి హాలీవుడ్ బులెవార్డ్‌లో ఏకంగా దుకాణమే తెరిచాడు. కిట్లు అమ్మాడు, చిన్న ఇంజన్లు అమ్మాడు. ఆ తర్వాత ఆయన బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. బొమ్మ విమానాన్నే కొంచెం పెద్దది చేసి, రేడియో పెట్టి, ఫిరంగి వాళ్ళకు గురి కోసం అమ్మితే? సైన్యం మొదట మొగ్గలేదు. నాలుగైదేళ్ళు తిప్పించుకుని చివరికి కొన్నది. ఆయన రేడియోప్లేన్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 15,000 టార్గెట్ డ్రోన్లు తయారుచేసింది. అంత లెక్కలో తయారైన మొదటి డ్రోన్ అదే.

యుద్ధం చివరి రోజుల్లో పనిచేసే ఆడవాళ్ళ ఫోటోలు తీయడానికి ఒక ఆర్మీ ఫోటోగ్రాఫర్ ఆ ఫ్యాక్టరీకి వచ్చాడు. పంపిన అధికారి పేరు కెప్టెన్ రోనాల్డ్ రీగన్, తర్వాత అధ్యక్షుడైన ఆయనే. బెంచీ దగ్గర ప్రొపెల్లర్ పట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి ఫోటోల్లో బాగా పడింది. పేరు నార్మా జీన్. ఆ ఫోటోల తర్వాత ఆమె మోడలింగ్‌కి, అక్కణ్ణుంచి సినిమాలకు వెళ్ళి మార్లిన్ మన్రో అయింది. ఈ కథ మా ఆరుగురిలో ఎవరికి చెప్పినా మన్రో దగ్గరే ఆగిపోతారు. నేను చెప్పదలుచుకున్నది ఆమె చేతిలో ఉన్న ప్రొపెల్లర్ గురించి. అది ఒక హాబీ దుకాణం నుంచి వచ్చింది.

హాబీ వాళ్ళు ఆ రోజుల్లో ఏం తక్కువ తినలేదు. మిషిగన్‌కు చెందిన వాల్ట్ గుడ్, బిల్ గుడ్ అని కవల సోదరులు 1930ల చివర్లో చెక్కతో పెద్ద రెక్కల విమానం కట్టి, దానికి రేడియో సొంతంగా అల్లుకుని, జాతీయ పోటీల్లో నెగ్గారు. దాని పేరు "గఫ్". ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. గుడ్ సోదరుల దాన్ని మోడల్ అన్నారు, డెన్నీ దాన్ని డ్రోన్ అన్నారు. రెండింటి లోపలా ఉన్న విద్య ఒకటే. కొనేవాడు ఎవడన్న దాన్నిబట్టి పేరు మారింది.

హాబీ వస్తువు సైన్యం చేతికి పోవడం రెండోసారి జరిగింది 1980ల్లో. అబ్రహాం కరెమ్ అనే ఇంజనీరు కాలిఫోర్నియాలో తన ఇంటి గరాజులో "ఆల్బట్రాస్" అనే పైలట్ లేని విమానం కట్టాడు. కరెమ్ బాగ్దాద్‌లో పుట్టి ఇజ్రాయెల్‌లో పెరిగి అమెరికా చేరాడు. మనిషి స్వతహాగా ఫ్రీ ఫ్లైట్ మోడళ్ళ ఆటగాడు, పోటీలకు వెళ్ళేవాడు. రేడియో లేకుండా గాలిలోకి వదిలితే తనంతట తాను ఎక్కువసేపు తేలాలి, అదే ఆ ఆట. తక్కువ బరువు, పొడుగు రెక్క, పొదుపు ఇంజను. ఆ గరాజు విమానం నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చిందే ప్రిడేటర్. 1994లో మొదట ఎగిరింది, 2001లో దానికి హెల్‌ఫైర్ క్షిపణులు తగిలించారు. అప్పటిదాకా గురి కోసం కాల్చించుకున్న పోతుటీగకు కొండి మొలిచింది అక్కడే.

ఆ యంత్రం కింద బతికినవాళ్ళు దానికి తమ పేర్లు తాము పెట్టుకున్నారు. గాజాలో "జన్నానా" అంటారు, జుమ్మనే రొద చేసేది అని. ఉక్రెయిన్‌లో షాహెద్ డ్రోన్లను మోపెడ్ అంటారు, రాత్రిపూట ఆ శబ్దం అలా ఉంటుంది కాబట్టి. వాళ్ళకు రెక్క ఆకారంతో పనిలేదు, కంపెనీ పేరుతో పనిలేదు. చెవికి తెలిసిన పేరు అది. ఎక్కడో అమెరికా అధికారి 1936లో వాడిన పోతుటీగ మాటలోని రొదనే, ఆ మాట తెలియని వాళ్ళు కూడా మళ్ళీ పట్టుకున్నారు.

మూడోసారి జరుగుతున్నది ఇప్పుడే, మన కళ్ళ ముందే. అరచేయంత ఫ్రేము, నాలుగు చిన్న మోటార్లు, ముందు బటాణీ గింజంత కెమెరా. కళ్ళకు గాగుల్స్ పెట్టుకుని అందులో కూర్చున్నట్టే నడపడం. ఎఫ్‌పీవీ రేసింగ్ అంటారు. చెట్ల మధ్య నుంచి, గేట్ల లోంచి దూసుకుపోయే ఈ ఆట పదేళ్ళ కిందట కుర్రాళ్ళ సరదా. 2022 తర్వాత ఉక్రెయిన్ యుద్ధంలో అదే ఫ్రేముకు, అవే మోటార్లకు పేలుడు సామాను కట్టి రెండు పక్షాలవాళ్ళూ వాడారు. మా చీరాల మిత్రుడు ఆ వీడియో ఒకటి నాకు చూపిస్తూ మధ్యలో ఆపి, "సార్, ఈ మోటారు నా దగ్గర కూడా ఉంది" అన్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పటినుంచి "ఇది మిలిటరీ మాట, మనది కాదు" అనడం మానేశాను. మాట వాళ్ళది కావచ్చు, వస్తువు మన బల్ల మీంచే మూడుసార్లు వెళ్ళింది.

ఈ మాటను దాచాలని పెద్దవాళ్ళు కూడా చాలా తంటాలు పడ్డారు. వియత్నాం కాలంలో ఆర్‌పీవీ అన్నారు, తర్వాత యూఏవీ, ఆ తర్వాత యూఏఎస్, ఆర్‌పీఏఎస్. 2013లో వాషింగ్టన్‌లో ఆ పరిశ్రమ వాళ్ళు సభ పెట్టుకుని, వచ్చిన విలేకరులకు ఇచ్చిన వైఫై పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? డ్రోన్లు అనకండి అని. ఆ మాట టైపు చేస్తేనే ఇంటర్నెట్! విలేకరులు ముందు రాసింది ఆ పాస్‌వర్డ్ గురించే. అప్పటికే ఆలస్యమైపోయింది కూడా. 2010లో ఫ్రాన్సు కంపెనీ పారట్ ఫోనుతో నడిచే నాలుగు పంకాల బొమ్మను తెచ్చి దాని పేరులోనే డ్రోన్ అని పెట్టేసింది. 2013లో డీజేఐ ఫాంటమ్ వచ్చింది. పెట్టె విప్పి, బ్యాటరీ పెట్టి, పది నిమిషాల్లో ఎగరేయొచ్చు. మేం బాల్సా చెక్కలు కోసి, పదిసార్లు కూల్చి, పదకొండోసారికి నేర్చుకున్న విద్య అది. ఆ కుళ్ళు మాలో లేదని చెప్పను. "డ్రోన్" అనే మాట మీద మాకున్న కోపంలో సగం కొత్తగా కొనుక్కొచ్చినవాళ్ళ మీది కోపం.

తెలుగులో ఈ పేరు ఎలా మారిందో నేను పేపర్లలో గమనిస్తూ వచ్చాను. మొదట "పైలట్ రహిత విమానం", తర్వాత "మానవరహిత విమానం". (ఇంగ్లీషు "అన్‌మ్యాన్డ్"లో మగవాడు ఉన్నాడని కొందరు దిద్దుకున్నారు. మన "మానవ"లో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు, ఆ బెంగ మనకు లేదు.) పెళ్ళి వీడియోల వాళ్ళు మాత్రం ఈ పొడుగు మాటల జోలికి పోలేదు. వాళ్ళు తెచ్చిన మాట "హెలీక్యామ్". కల్యాణ మంటపం మీద గిరికీలు కొడుతూ తలంబ్రాల బియ్యం అంతా చెదరగొట్టినా, ఆల్బమ్‌లో మాత్రం "హెలీక్యామ్ షాట్" అని వేరే బిల్లు. నాలుగైదేళ్ళలో ఆ మాట చచ్చిపోయింది. అందరూ "డ్రోన్ షాట్" అనేశారు. నాకు హెలీక్యామ్ మీద ఇప్పటికీ చిన్న జాలి ఉంది. పనిని చూపే మాట, ఎవరినీ భయపెట్టని మాట.

సర్కారు వారి దారి ఇంకా వింత. 2014 మేలో ముంబైలో ఒక పిజ్జా దుకాణం డ్రోను మీద పిజ్జా పంపి ఆ వీడియో చూపించుకుంది. పోలీసులు ఆరా తీశారు. ఆ అక్టోబరు 7న విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పౌరులెవరూ వీటిని ఎగరేయరాదని ప్రకటించింది. నాలుగేళ్ళు మేం దొంగల్లాగా ఎగరేశాం. 2018 ఆగస్టులో నిబంధనలొచ్చాయి, డిసెంబరు 1 నుంచి అమలు. అందులో పేరు ఆర్‌పీఏఎస్. 2021 మార్చిలో కొత్త నిబంధనలు, పేరు యూఏఎస్. అవి పట్టుమని ఆరు నెలలు బతకలేదు. ఆ జూన్ 27న జమ్మూ వైమానిక కేంద్రం మీద డ్రోన్లతో పేలుళ్ళు జరిగాయి. ఇక ఈ సరదాకి శాశ్వతంగా తాళం పడ్డట్టే అనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండా, ఆగస్టులో, అంతకన్నా సడలించిన నిబంధనలొచ్చాయి. పాతిక ఫారాలకు బదులు అయిదు, గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు, చిన్నవి సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వాటి పేరు చూడండి: డ్రోన్ రూల్స్, 2021. అన్ని పొడుగు అక్షరాలూ వాడి అలిసిపోయి చివరికి చట్టం కూడా జనం మాటకే వచ్చింది. మాలాంటి వాళ్ళ వస్తువుకు మాత్రం అందులోనూ "మోడల్ రిమోట్లీ పైలటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ సిస్టమ్" అని ఒక రైలుబండి పేరు మిగిలింది. 1934 నాటి విమాన చట్టంలో ఎయిర్‌క్రాఫ్ట్ అన్న నిర్వచనం కింద గాలిపటం కూడా ఉండేది. సంక్రాంతికి పిల్లలందరూ విమాన యజమానులే అన్నమాట. దాని ముందు మా రైలుబండి నయమే.

జనం మనసులో ఈ యంత్రం రూపం మాత్రం చట్టంతో మారలేదు. 2019 ఆగస్టు కృష్ణా వరదలప్పుడు ఉండవల్లిలో అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న చంద్రబాబు నాయుడి ఇంటి మీద డ్రోను ఎగరడం పెద్ద రాజకీయ రభస అయింది. వరద చూడ్డానికే అని ప్రభుత్వం, భద్రతకు ముప్పు అని అవతలి పక్షం. ఆ రెండు వారాలు నేను డబ్బా మూత తీయలేదు. 2020 లాక్‌డౌన్‌లో పోలీసుల డ్రోన్ కనపడితే రోడ్డు మీది కుర్రాళ్ళు పరుగో పరుగు. ఆ డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే మొదలుపెట్టారు, ఊరూరా డ్రోన్లు తిరిగాయి. మినప పొట్టు ఆవిడ బెదురు అక్కడిది. ఆ మరుసటి ఏడాది వికారాబాద్‌లో డ్రోను మందులు మోసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్ళకు అన్నం పొట్లాలు, నీళ్ళు మోసింది. నెలన్నర తర్వాత అదే ఊళ్ళో పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి ఆకాశంలో విమానం గీశాయి, జెండా గీశాయి. నేను జనంలో నిలబడి చూశాను. నా పక్కన ఒక ముసలాయన మెడ నొప్పి పుట్టేదాకా చూసి, "వరదలో మాకు పులిహోర తెచ్చింది వీటి అన్నదమ్ములే" అన్నాడు. ఆ మనిషికి డ్రోన్ అనే మాటలో భయం ఎక్కడుంటుంది?

అదే మాట ఇంగ్లండులో ఏం చేసిందో చూడండి. 2018 క్రిస్మస్ ముందు గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనపడ్డాయని రన్‌వే మూసేశారు. సుమారు 1,000 విమానాలు, 1,40,000 మంది ప్రయాణికులు ఇరుక్కుపోయారు. పోలీసులు దగ్గర్లోని ఒక భార్యాభర్తలను పట్టుకున్నారు. ఆయనకు మోడల్ విమానాల సరదా ఉంది. 36 గంటలు లోపల ఉంచారు, పేపర్లు ఫోటోలు వేశాయి. ఏమీ తేలలేదు. వదిలేశారు, తర్వాత నష్టపరిహారం కూడా ఇచ్చారు. డ్రోను మాత్రం ఈనాటికీ దొరకలేదు.

ఆ వార్త చదివినప్పుడు దూరపు సంగతి అనుకున్నాను. 2025 మేలో నా వంతు వచ్చింది. సరిహద్దులో డ్రోన్ల దాడులని టీవీల్లో రాత్రింబగళ్ళు మోగిపోతున్న రోజులు. నేను బుద్ధిగా బ్యాటరీలన్నీ తీసి పక్కన పెట్టేశాను. కానీ మార్చిలో ఆ నాలుగో మనిషి తీసిన ఫోటో ఉంది కదా, అది అప్పుడు బయటికొచ్చింది. మార్చిలో ఎవరికీ పట్టని ఫోటో మేలో వాట్సాప్ గ్రూపుల్లో "మన ఊరి చేలల్లో అనుమానాస్పద డ్రోన్" అయింది. నా కండువా, నా టోపీ, నా డబ్బా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. స్టేషన్ నుంచి ఫోనొచ్చింది.

డబ్బా పట్టుకుని వెళ్ళాను. బల్ల మీద పెట్టి విప్పాను. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చారు. కానీ ఒకటే ప్రశ్న నాలుగుసార్లు: "కెమెరా ఎక్కడ పెట్టారు?" లేదన్నాను. "ఇప్పుడు తీసేశారా?" ఎప్పుడూ లేదన్నాను. "మరి ఎగిరినప్పుడు ఏం కనపడుద్ది?" అదే కనపడుతుంది అన్నాను. ఒకాయన స్క్రూడ్రైవర్ తెచ్చి పై మూత విప్పించి, ఫ్లైట్ కంట్రోలర్ మీది మెరిసే చిన్న చుక్కను చూపించి "ఇదేంటి?" అన్నాడు. బల్బు అన్నాను.

చివరికి రిజిస్టర్‌లో రాసుకోవాలి కదా. రైటర్ పెన్ను ఎత్తి, "ఏమని రాయమంటారు?" అన్నాడు. నలభై ఏడేళ్ళ అలవాటు కొద్దీ "మోడల్ అని రాయండి" అన్నాను.

ఆయన పెన్ను దించేశాడు. "మోడల్ అంటే నమూనా కదండీ. నమూనా ఇక్కడుంటే అసలుది ఎక్కడుందని పైవాళ్ళు నన్ను అడుగుతారు మాస్టారూ."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన కాసేపు ఆలోచించి "కెమెరా లేని డ్రోను, ఒకటి" అని రాశాడు. చదువుకుని సంతకం పెట్టాను. ఇంటికొస్తూ ఆటోలో ఆలోచిస్తే, మా ఆరుగురం పన్నెండేళ్ళు కొట్టుకుని తేల్చలేని పేరు ఆ రైటర్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. పైగా సరిగ్గా తేల్చాడు. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేనూ అంతే చెబుతున్నాను. మల్టీరోటర్ మిత్రుడికి నచ్చలేదు. గుంపు వదిలి వెళ్ళిపోతానన్నాడు. వెళ్ళలేదనుకోండి.

ఈసారి మినుము పీకాక మళ్ళీ అదే చేలోకి వెళ్ళాను. మొదట ఆ ఊరి పెద్దమనుషులకు చెప్పి, మ్యాపులో గ్రీన్ జోన్ అవునో కాదో మళ్ళీ చూసుకుని. బ్యాటరీ ఇంకా తగిలించలేదు, గట్టు మీద ఆవిడే వస్తోంది. పోయినేటి మినప పొట్టు ఆవిడ. ఈసారి బెదురు లేదు, గబగబా వచ్చింది.

"మాస్టారూ, మా గేదె పొద్దుటి నుంచి కనపళ్ళా. మీ డ్రోను పైకి లేపి కాలవ అవతల చూసి చెప్పండి."

"దీనికి కెమెరా లేదమ్మా."

ఆమె నమ్మలేనట్టు దగ్గరకొచ్చి, వంగి, కింద చూసింది, పక్కన చూసింది. "మందు కొడతదా?"

"కొట్టదు."

"బరువు మోస్తదా?"

"దాని బ్యాటరీ అది మోస్తే చాలు."

"మరి ఏం చేస్తది అయ్యా?"

"ఎగురుతుందమ్మా."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్నూ దాన్నీ కాసేపు చూసింది. నేను లేపాను. తలెత్తు దాకా, తాటిచెట్టు మట్ట దాకా, ఇంకొంచెం పైకి. జుమ్మని ఒక చుట్టు తిప్పి దించాను. ఆమె ఏమీ అనకుండా గేదె కోసం కాలవ వైపు నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇంకోసారి లేపండి" అంది.